విప్పి చూడని డ్రమ్ము

ముప్పై మూడేళ్లు బస్సు గ్యారేజీలో చేసినవాడి చేతికి మోటారు సైకిలు ఇవ్వకూడదు. ఈ మాట మా ఆవిడది. బస్సు బోల్టు బిగించాలంటే స్పానరు తగిలించి, దానికి పైపు తొడిగి, పైపు మీద మనిషి బరువంతా వెయ్యాలి. ఆ అలవాటుతో నేను ఒక పాత బండి ఇంజను బోల్టు బిగించబోయి పుటుక్కుమనిపించాను. సగం బోల్టు నా చేతిలో, సగం ఇంజనులో. అరుగు మీద చిక్కుళ్లు తుంపుతున్న మా ఆవిడ తల కూడా ఎత్తకుండా "అది బస్సు కాదండీ" అంది. ఆ విరిగిన ముక్క బయటికి తియ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేనెవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ బండి గురించే చెప్పబోతున్నాను. ఏదో ఒక చేతిపని నేర్చుకుని బతుకుతున్న కుర్రాళ్లు ఇది చదివితే బాగుండునని నా ఆశ. నా ఉద్యోగంలో గొప్పగా చెప్పుకునేవి లేకపోలేదు. అందరూ వదిలేసిన ఇంజన్లను లేపి రోడ్డెక్కించాను. అవన్నీ వినీ వినీ మా ఆవిడకి విసుగొచ్చింది. ఇది మాత్రం ఆవిడకి కూడా పదమూడేళ్లు చెప్పనిది.

నేను చేసిన డిపో ఏ ఊళ్లోదో చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. డ్యూటీకి రోజూ పాసింజరు రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. రిటైరై ఆరేళ్లయింది. పోయినేడాది వానలు వెనకబట్టాక ఒకరోజు పొద్దున్నే మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులో తాళ్లతో కట్టిన ఒక మోటారు సైకిలు, దాని పక్కన చెయ్యి ఆనించి నిలబడిన అరవయ్యేళ్ల ఆడమనిషి.

"అన్నయ్యగారూ, మీరు గ్యారేజీలో మేస్త్రీగా చేశారంట కదండీ. మా ఆయన కూడా మీ డిపోలోనే డ్రైవరండీ" అంటూ ఇంటిపేరుతో సహా భర్త పేరు చెప్పింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఆవిడ మొహం చూడకుండా బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

అది పాత టూ స్ట్రోకు బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తే వెనకాల తెల్లటి పొగ వదులుకుంటూ పోయే రకం. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు తోలిన బండేనట. కొల్లేరులో ఆవిడ తమ్ముడి చేపల చెరువు గట్టు మీద, మేత బస్తాలు దాచుకునే పాకలో ఇన్నేళ్లూ పడి ఉందట. సీటును ఎలుకలు కొట్టేశాయి. సైలెన్సరు గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి. ట్యాంకు మూత తియ్యగానే తుప్పు వాసన, దాని వెనకాలే తవుడు వాసన. కిక్కు రాడ్డు తొక్కితే కదల్లేదు. లోపల పిస్టను పట్టేసిందన్నమాట.

"అమ్మడానికా చెల్లెమ్మా?" అన్నాను.

"కాదండీ. ఆయన తోలడానికి."

అరుగు మీద కూర్చుని ఆవిడ చెప్పింది. పదమూడేళ్ల కిందట కొల్లేరు గట్టు మీద ఆయన తోలుతున్న బస్సు చేపల చెరువులోకి ఒరిగింది. ప్రాణాలకేమీ కాలేదు గాని ఒకావిడకి చెయ్యి విరిగింది, కండక్టరుకి కాలు విరిగింది. నిద్రమత్తులో తోలాడని ఆయన మీద రాశారు. డ్రైవరు పని తీసేసి బస్టాండులో కూర్చోబెట్టారు. ఏడాది తిరక్కుండా ఆయన ఉద్యోగం వదిలేశాడు. అప్పట్నుంచీ సైకిలు తప్ప చక్రాలున్నది ఏదీ ముట్టుకోలేదు. పక్కనే ఉన్న ఉంగుటూరు వెళ్లాలన్నా ఆటో ఎక్కి, డ్రైవరు పక్కన కాదు, వెనక కూర్చుంటాడట.

"మొదట్లో బ్రేకు పట్టలేదనేవారండీ. చెప్పీ చెప్పీ ఎవరూ వినకపోయేసరికి, ఇప్పుడు ఆయనే, నిజంగానే కునుకు పట్టిందేమోనే, అంటున్నారు. తప్పు నాదేనండీ. మా అమ్మాయి పురిటికొచ్చింది. పసిదానికి జ్వరం. ఆ రాత్రి ఎత్తుకుని తిరగమని ఆయన్ని నేనే లేపాను. నేను లేపకపోతే ఆయన పడుకునుండేవారు కదండీ" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒక్కసారి ఆ హ్యాండిలు పట్టుకుంటే మళ్లీ మనిషవుతారని నా ఆశండీ."

ఆ కూర్చున్న మనిషికి నిజం చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. చెప్పలేదు. "చూద్దాంలే చెల్లెమ్మా, టైము పడుతుంది" అన్నాను.

ఇప్పుడు నిజం చెబుతాను. పనిలో సాంకేతికం ఎంత కావాలో అంతే చెబుతాను, భయపడకండి.

కొల్లేరు సర్వీసు బస్సుకి మా గ్యారేజీలో ఒక పద్ధతి ఉండేది. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, పెద్దవాళ్లు నేర్పినది. వానాకాలంలో గట్ల మీద నీళ్లు పొర్లుతాయి. బస్సు చక్రాలు సగం మునిగి వస్తాయి. అందుకని ఆ బస్సు సాయంత్రం డిపోకి రాగానే నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ములూ విప్పి, లోపలి బురద తుడిచి, డ్రమ్ముని ఒరుసుకుని బండిని ఆపే లైనింగులు ఆరబెట్టి బిగించాలి. మిగతా బస్సులకైతే బయటనుంచి స్లాకు తిప్పితే, అంటే బ్రేకు వదులు సరిచేస్తే, సరిపోతుంది. ఆ బస్సుకి చాలదు.

ఆ సాయంత్రం నేను మూడు చక్రాలు విప్పాను. నాలుగోది వెనక ఎడమ చక్రం. దాని టైరు లోపలి వైపు ఒక జిడ్డు చార కనిపించింది. చక్రం మధ్యన హబ్బులో సీలు పోయి గ్రీజు కారితే అలాంటి చారే వస్తుంది. ఆ గ్రీజు లైనింగుకి అంటితే బ్రేకు పట్టదు. ఈ ముక్క గ్యారేజీలో చేరిన ఆరు నెలల పిల్లకాకికి కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కాని పాసింజరు రైలుకి పాతిక నిమిషాలే ఉంది. అది తప్పితే మళ్లీ రెండు గంటల దాకా బండి లేదు. బురద తడే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. బయటనుంచి స్లాకు తిప్పి, షీటు మీద "బ్రేకులు చూశాను, బాగున్నాయి" అని సంతకం పెట్టి రైలెక్కాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

మర్నాడు పొద్దున్న మొదటి ట్రిప్పులోనే, కల్వర్టు దిగువన చేపల పెట్టెలతో వెళుతున్న వ్యాను ఆగితే, ఆయన బ్రేకు తొక్కాడు. బస్సు ఒక పక్కకి లాగేసి చెరువులోకి ఒరిగింది.

విచారణ రోజు ఆయన ఒకటే మాట చెప్పాడు: "తొక్కాను, పట్టలేదు." కండక్టరు పాపం ఉన్నదే చెప్పాడు, రాత్రి నిద్రలేదని పొద్దున టీ కొట్టు దగ్గర డ్రైవరుగారు అన్నారని. దాంతో అందరికీ కావలసింది దొరికింది. విచారణ గది బయట మా పెద్ద మేస్త్రీ నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు పని నేర్పిన మనిషి, నా పెళ్లికి వచ్చి వంటల దగ్గర నిలబడిన మనిషి. "నీళ్లలో నానిన లైనింగులకి ఏ జిడ్డు ఎప్పుడంటిందో ఎవడు చెప్పగలడురా? నువ్వు నోరు విప్పితే నీతోపాటు నా మీదికీ వస్తుంది, మొత్తం గ్యారేజీ మీదికి వస్తుంది. డ్రైవర్లకి వాళ్ల యూనియన్ ఉంది, వాళ్లు చూసుకుంటారు" అన్నాడు. గ్యారేజీలో ఇంకో ఇద్దరికి సంగతి తెలుసు. వాళ్లూ నోరెత్తలేదు. తిలా పాపం తలా పిడికెడు. కాని పిడికిళ్లలో పెద్దది నాది.

మీరు పనిచేసే చోటా ఒక పెద్ద మేస్త్రీ ఉంటాడు. చెడ్డవాడైతే సమస్యే లేదు, మాట వినక్కర్లేదు. మంచివాడై ఉంటాడు, అదీ చిక్కు. మా పెద్దాయన పోయి నాలుగేళ్లయింది. ఆయన్ని ఇప్పటికీ తిట్టుకోలేను. ఆయన మాట విన్నది నేను.

సరే, బండి దగ్గరికి వద్దాం. పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టి పని మొదలుపెట్టాను. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి డీజిలు పోసి వదిలేశాను. రోజూ పొద్దున కాఫీ తాగి వెళ్లి కిక్కు రాడ్డు మీద కాలు పెట్టి చూసేవాణ్ణి. పదో రోజున వేలెడంత కదిలింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ట్యాంకులో గులకరాళ్లు పోసి, దుప్పటిలో చుట్టి, నేనొక వైపు మా ఆవిడ ఒక వైపు పట్టుకుని ఊపాం. "ఈ వయసులో మనకి ఉయ్యాల సేవ రాసిపెట్టి ఉందండీ" అంది. పిస్టను రింగులు మా తాడేపల్లిగూడెంలో లేవు, ఏలూరులో లేవు. చివరికి జంగారెడ్డిగూడెంలో ఒక పాత సామాన్ల కొట్లో, చీమలు పట్టిన అట్టపెట్టెలో దొరికాయి.

సీటు కుట్టించడానికి ఏలూరు తీసుకెళ్లాను. అక్కడ నలభై ఏళ్లుగా సీట్లు కుడుతున్న ముస్లిం పెద్దాయన ఒకాయన ఉన్నారు. స్పాంజీ కోసే ముందు ఆయన నన్ను అడిగారు.

"తోలేవారు ఎంత పొడుగుంటారండీ?"

ఠక్కున చెప్పాను. నా కన్నా నాలుగు వేళ్లు పొడుగు, కాళ్లు మరీ పొడుగు. కొల్లేరు బస్సు సీటు వెనక్కి జరిపి బిగించమని నాతోనే చేయించుకునేవాడు. బిగించాక కూర్చుని చూసి, దిగి, "మీ చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదండీ మేస్త్రీగారూ" అనేవాడు. ఆ మాట ఆ సీట్ల కొట్లో గుర్తొచ్చి, స్టూలు వెతుక్కుని కూర్చున్నాను. పెద్దాయన నా మొహం చూసి మంచినీళ్లు తెప్పించారు.

ఇంజను లేచింది. పొగ వచ్చింది, పక్కింటివాళ్లు తిట్టారు, అన్నీ సవ్యంగా జరిగాయి. బ్రేకుల దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. వెనక చక్రం విప్పి, డ్రమ్ము లేతు మెషీను మీద నునుపు పట్టించి, కొత్త లైనింగులు వేయించాను. బిగించాను. మర్నాడు మళ్లీ విప్పాను. అందులో ఏ లోపమూ లేదు. బిగించాను. వారం తిరక్కుండా మూడోసారి విప్పి కూర్చుంటే మా ఆవిడ చేతిలో చాట పక్కన పెట్టి నా ఎదురుగా పీట వేసుకుంది.

"ఏవండీ, ఆ చక్రంలో ఏం పోగొట్టుకున్నారండీ?"

చెప్పాను. రైలు దగ్గర్నుంచి పెద్ద మేస్త్రీ దాకా మొత్తం. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చాలాసేపు చక్రం వంక చూసింది.

"ఆవిడ మన అరుగు మీద కూర్చుని, నేను లేపడం వల్లే అని ఏడ్చిందండీ. లోపల కాఫీ కలుపుతూ నేను విన్నాను. ఇది మీరు చెప్పాల్సింది నాకా?" అని లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు నాకు అన్నం పెట్టింది గాని, పక్కన కూర్చోలేదు.

కబురు చేశాను. ఒక ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన బాగా చిక్కిపోయాడు, జుట్టంతా నెరిసింది. నన్ను చూసి చేతులు జోడించాడు. నేను వద్దనేలోపే "ఆవిడ చెబితే నమ్మలేదండీ, ఆ పాతసామానుని ఎవరు బాగుచేస్తారని" అంటూ బండి చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టాడు. నేను తాళం ఇస్తే ఒక్క కిక్కుకి స్టార్టు చేసి, తల వంచి ఇంజను చప్పుడు విన్నాడు. ఆయన నవ్వడం చూసి ఆవిడా నవ్వింది. అంతలోనే ఆపేసి తాళం నా చేతిలో పెట్టాడు.

"చాలా బాగా చేశారండీ. ఎవరైనా మంచి కుర్రాడికి అమ్మిపెట్టండి."

"అదేంటండీ, ఒక్కసారి ఎక్కి చూడండి" అంది ఆవిడ.

"నాకొద్దే. కళ్లు తెరుచుకుని నిద్రపోయే మనిషిని నేను" అని నా వైపు తిరిగి, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. "ఆ రోజు నా కాలు బ్రేకు మీద ఉన్నట్టే గుర్తండీ మేస్త్రీగారూ. గట్టిగా తొక్కినట్టే గుర్తు. కాని అది కలేమో, ఎవరికి తెలుసు."

అంతకంటే వినలేకపోయాను.

"గురువుగారూ, మీరు నిద్రపోలేదు" అన్నాను.

"ఓదార్పు మాటలు చాలామంది చెప్పారండీ."

"ఓదార్పు కాదండీ. ముందు రోజు ఆ బస్సు బ్రేకులు చూసింది నేను. వెనక ఎడమ చక్రం డ్రమ్ము నేను విప్పలేదు."

నేను చెబుతూనే పోయాను. జిడ్డు చార సంగతి, సంతకం సంగతి, విచారణ రోజు గది బయట నిలబడి లోపలికి వెళ్లని సంగతి. అంతా విని, ఆయన డ్రైవరు మెకానిక్కుని అడిగినట్టే అడిగాడు.

"జిడ్డు మీరు చూశారా అండీ?"

"చూశానండీ."

"స్లాకు తిప్పారు."

"తిప్పానండీ."

"యార్డులో నెమ్మదిగా తోలితే పట్టి ఉంటుంది."

"పట్టిందండీ."

"గట్టు మీద లోడుతో పట్టదు."

"పట్టదండీ."

"రైలు దొరికిందా అండీ?"

"దొరికిందండీ" అన్నాను. నా జీవితంలో అంత సిగ్గుతో చెప్పిన మాట ఇంకోటి లేదు.

ఆవిడ అరుగు మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "అన్నయ్యగారూ, మొన్న నేనొచ్చి ఇక్కడే కూర్చున్నాను కదండీ. అప్పుడైనా చెప్పొచ్చు కదండీ" అంది. మా ఆవిడ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"వెనక చక్రం విప్పండి" అన్నాడాయన.

విప్పాను. ఆయన స్టూలు లాక్కుని నా చేతులకేసి చూస్తూ కూర్చున్నాడు. విప్పాక ముందుకి వంగి, లైనింగు మీద బొటనవేలితో రాసి, వేలు వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. డ్రమ్ము లోపలంతా వేలితో తడిమాడు. "బిగించండి" అన్నాడు. బిగించేటప్పుడు స్పానరు నా చేతిలోంచి రెండుసార్లు జారింది. ఆయన సాయం పట్టలేదు.

"ఇప్పుడు నాకు చెప్పిందంతా కాగితం మీద రాయండి."

నా నీచబుద్ధి కూడా చెప్పాలి కదా. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది నా పింఛను. "ఎవరికిస్తారండీ?" అని అడిగాను.

"ఎవరికిస్తానండీ ఇప్పుడు? ఇంట్లో ఉంచుకుంటాను. మళ్లీ ఎప్పుడైనా నాకు అనుమానం వస్తే తీసి చూసుకోవాలి కదండీ."

రాశాను. ఇక్కడ దాచిన పేర్లన్నీ అందులో రాశాను, నాది మొదట. తేదీ వేసి సంతకం పెట్టాను. ఆయన చదివి భార్యకి ఇచ్చాడు. ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది. "డ్రైవరు మెలకువగానే ఉన్నాడు" అన్న చోట ఆగి, ఆ ఒక్క ముక్కా మళ్లీ చదివింది. అప్పుడు ఏడ్చింది. "నేను లేపడం వల్ల కాదన్నమాటండీ" అంది ఆయనతో.

"కాదే" అన్నాడాయన. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నా దగ్గర తాళం తీసుకున్నాడు. బండి ఎక్కి, సీటు మీద సర్దుకుని, కిక్కు కొట్టి, "ఎక్కు" అన్నాడు. ఆవిడ నా మొహం చూడకుండా, మా ఆవిడ చెయ్యి ఒకసారి నొక్కి, వెళ్లి వెనకాల కూర్చుంది.

గేటు దాకా నడకంత నెమ్మదిగా పోనిచ్చి, అక్కడ బ్రేకు వేసి ఆగాడు. నేను గబగబా వెళ్లాను. క్షమిస్తాడనుకున్నానేమో, ఏమనుకుని వెళ్లానో నాకే తెలియదు. ఆయన తల తిప్పి, ఎప్పట్లాగే మెత్తగా, మర్యాదగా చెప్పాడు.

"మేస్త్రీగారూ, ఈ బండికి ఇకముందు ఏదన్నా పనొస్తే వేరేవాళ్ల దగ్గర చేయించుకుంటానండీ. ఏమీ అనుకోకండి."

"అలాగేనండీ" అన్నాను.